పడమటి కిటికీకి ఒక్కటి కొనండి, ఎఫ్‌డీని కదపకండి

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని బల్లార్షా. మా మామగారు పేపర్ మిల్లులో పనికని కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారు బొగ్గు గని కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రీషియన్, షిఫ్టు డ్యూటీ. ఇంటి ఖర్చు నెలకు 45,000, మిగిలేది 9,000. మాది ఒకే అంతస్తు డాబా ఇల్లు. పడమర రెండు, దక్షిణం రెండు కిటికీలు. పడమటి గదిలో మా అత్తగారు ఉంటారు. ఆమెకు 71 ఏళ్లు, బీపీ కూడా ఉంది. మధ్యాహ్నం మూడు దాటితే ఆ గదిలో కూర్చోలేం. కిటికీ బయట గొడుగులా తెరుచుకుని, వద్దనుకుంటే చుట్టుకుపోయే గుడ్డ ఆనింగ్‌లు పెట్టిస్తే 77 శాతం వేడి తగ్గుతుందని, మూడేళ్లలో కరెంటు బిల్లులోనే డబ్బు తిరిగి వచ్చేస్తుందని డీలర్ చెబుతున్నాడు. మోటారువి నాలుగూ కలిపి 1,12,000. చేత్తో తిప్పేవైతే ఒక్కోటి 17,000. మాకున్నదల్లా 1,50,000 ఎఫ్‌డీ. 7 శాతం వడ్డీ, నవంబరులో గడువు తీరుతుంది. దాన్ని బ్రేక్ చేయమంటారా, డీలర్ ఇస్తానంటున్న నో కాస్ట్ ఈఎంఐ తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, కాజీపేట మీదుగా ఢిల్లీ వెళ్లే రైల్లో మే నెలలో ఒకసారి మీ స్టేషన్లో దిగాను. నీళ్ల బాటిల్ కొని పెట్టెలోకి వచ్చేసరికి మొహం మాడిపోయింది. కాబట్టి ఎండ అంత ఏముందిలే అని మీతో అనను. లెక్క మాత్రం చూద్దాం.

మీరు పంపిన బిల్లుల్లో డిసెంబరుది 1,250, మే నెలది 5,600. మార్చి నుంచి జూన్ దాకా వేసవి వల్ల అదనంగా పడింది మొత్తం 14,000 దాకా ఉంది. ఆనింగ్‌లు పెట్టాక ఏసీ, కూలర్ ఒక్క యూనిట్ కూడా కాల్చలేదనే అనుకుందాం. అలా ఎక్కడా జరగదు, అయినా అనుకుందాం. అప్పుడు కూడా 1,12,000 తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. నా అంచనాలో ఆ అదనంలో పావు వంతు తగ్గితే గొప్ప, అంటే ఏడాదికి 3,500. అదే 1,12,000 ఎఫ్‌డీలో ఉంటే 7 శాతం చొప్పున ఏడాదికి 7,840 వడ్డీ తెస్తోంది. మూడేళ్ల లెక్క డీలర్ ఎక్కడి నుంచి తెచ్చాడో నాకు అంతుబట్టలేదు.

77 శాతం మాత్రం ఎక్కడిదో తెలుసు. అమెరికా ఇంధన శాఖ చెప్పే అంకె అది. వేసవిలో కిటికీ గుండా లోపలికొచ్చే ఎండ వేడిని ఆనింగ్ పడమటి కిటికీకైతే 77 శాతం వరకు, దక్షిణపు కిటికీకైతే 65 శాతం వరకు తగ్గిస్తుందని వాళ్ల మాట. 'వరకు' అన్నదాన్ని మీ డీలర్ మింగేశాడు. పైగా అది గాజులోంచి వచ్చే వేడి గురించి మాత్రమే. గోడలు, కప్పు మోసుకొచ్చే వేడి ఆ లెక్కలో లేదు, మీ బిల్లూ లేదు.

అసలు తిరకాసు దక్షిణపు కిటికీలతో. అమెరికాలో చాలా ఊళ్లు మనకంటే బాగా ఉత్తరాన ఉంటాయి. అక్కడ నడివేసవిలోనూ మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికి వాలే ఉంటాడు, ఎండ దక్షిణపు కిటికీలోకి పడుతుంది. బల్లార్షా దాదాపు 20 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మూడో వారానికి మధ్యాహ్నం సూర్యుడు మీకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి జులై నాలుగో వారం దాకా ఇంకాస్త ఉత్తరానికే జరిగి ఉంటాడు. అంటే మీ దక్షిణపు కిటికీలోకి మే, జూన్ నెలల్లో నేరుగా ఎండ దాదాపు రాదు. పైగా ఫొటోలో వాటి మీద సిమెంటు సన్‌షేడ్ కూడా కనిపిస్తోంది. ఆ రెండూ కొట్టేయండి.

మరి ఆ నడినెత్తి ఎండంతా ఎక్కడ పడుతోంది? మీ డాబా మీద. స్లాబు పగలంతా కాగి రాత్రికి గదిలోకి వేడి దించుతుంది. ముందు దాని పని చూడండి. బాగా కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు పూతలు కొట్టించండి, లేదా ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి. సున్నం అయితే కూలితో కలిపినా ఒక కిటికీ ఖర్చులో సగం కాకపోవచ్చు. కాకపోతే వాన పడితే కొట్టుకుపోతుంది, ఏటేటా వేయాలి. మీ దగ్గర బొగ్గు దుమ్ము కూడా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒకటి రెండుసార్లు ఊడ్చి కడగాలి. నల్లబడితే సున్నం వేసిన లాభం ఉండదు. నది అవతల తెలంగాణ ప్రభుత్వం 2023లో ఏకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది.

ఇక అత్తగారి గది. ఇక్కడ మాత్రం బిల్లు లెక్క చూడను. 71 ఏళ్ల మనిషికి, అందులోనూ బీపీ మందులు వాడేవారికి వడదెబ్బ తగిలితే ఒక్క అడ్మిషన్‌కే ఎంతవుతుందో మీకు తెలుసు. ఆ కిటికీకి ఒక ఆనింగ్ కొనండి, చేత్తో తిప్పేది, 17,000ది. లోపల కర్టెన్ ఎంత మందంగా వేసినా వేడి అప్పటికే గాజు దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. దాన్ని బయటే ఆపడం ఆనింగ్ చేసే మేలు. కానీ నాలుగున్నరకు ఎండ బాగా ఏటవాలుగా వస్తుంది. చదునుగా ముందుకు సాగేది ఆ వేళకు సగం కిటికీని కూడా కాపాడలేదు. చేతులు కిందికి వాలి, గుడ్డ కిటికీలో ముప్పావు భాగం దాకా దిగే రకం అడగండి. లేత రంగు గుడ్డ తీసుకోండి. పైన గోడకూ గుడ్డకూ మధ్య వేడిగాలి పోయేందుకు కాస్త సందు ఉండాలి. బిగింపు కిటికీ పైనుండే లింటెల్ కాంక్రీటులోకి వెళ్లాలి. ఒట్టి ప్లాస్టరింగులో బిగిస్తే మొదటి గాలిదుమారానికే ఊడి చేతికొస్తుంది.

గాలి అంటే గుర్తొచ్చింది. మే, జూన్ గాలివానకు ముందే దాన్ని చుట్టేయాలి. మీరు స్కూల్లో, మీవారు షిఫ్టులో ఉంటే ఎవరు చుడతారు? గాలికి తనే ముడుచుకునే సెన్సర్ కావాలంటే మోటారు, మళ్లీ ఖర్చు. అత్తగారు లోపలి నుంచే తిప్పగలిగేలా హ్యాండిల్ పెట్టించండి, ఆమె చేత నాలుగుసార్లు తిప్పించి చూశాకే డబ్బివ్వండి. గాలికి చిరిగితే వారంటీ వర్తిస్తుందా అని కాగితం మీద రాయించుకోండి. రెండో పడమటి కిటికీకి బయట వెదురు తడిక కట్టండి. వట్టివేళ్ల తడిక దొరికితే మరీ మంచిది, నీళ్లు చల్లితే చల్లగాలి, మంచి వాసన కూడా.

డబ్బు సంగతి. ఎఫ్‌డీ బ్రేక్ చేస్తే చాలా బ్యాంకుల్లో అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ కోస్తారు. అంతకంటే నాకు భయం మరొకటి ఉంది. 1,12,000 తీస్తే మిగిలే 38,000 మీకు నెల ఖర్చుకు కూడా చాలదు. మీవారిది కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగమన్నారు, ఒక నెల జీతం ఆలస్యమైతే టెన్షన్ మొదలవుతుంది. నో కాస్ట్ ఈఎంఐ కూడా వద్దు. సున్నా వడ్డీ అనేదే లేదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజులో దాస్తున్నారని 2013లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. డీలర్‌ని ఒక్క మాట అడగండి: మొత్తం ఒకేసారి యూపీఐ చేస్తే ఎంత తగ్గిస్తావని. అతను తగ్గించేదే ఈఎంఐలో మీరు కట్టబోయే వడ్డీ.

నెలకు 9,000 మిగులుతోందని రాశారు. ఈ నెల మిగులుతో సున్నం, తడికలు. వచ్చే రెండు నెలల మిగులుతో ఆనింగ్. అంతదాకా అత్తగారిని మధ్యాహ్నం పూట తూర్పు గదిలోకి మార్చండి. రెండోది కూడా కావాలనిపిస్తే నవంబరులో ఎఫ్‌డీ గడువు తీరాక చూద్దాం. చలికాలంలో ఈ సరుకు అడిగేవాళ్లు ఉండరు, బేరానికి అదే సమయం.