కేర్ హోమ్‌లో సెయింట్ జార్జ్ డే చేయాలంటే ముందు ఆ జెండాల పెట్టె మూసి పక్కన పెట్టండి

మీ ప్రశ్న ఇది: "ఇంగ్లండ్‌లో వృద్ధులను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో కొత్తగా చేరాను. ఏప్రిల్ 23న, ఇంగ్లండ్ తన రక్షకుడిగా భావించే సెయింట్ జార్జ్ పేరిట జరిగే సెయింట్ జార్జ్ డే కార్యక్రమం నన్ను చేయమన్నారు. విజయవాడలో పుట్టి పెరిగిన నేను ఇంగ్లిష్ వారి సంస్కృతిని వారికే ఎలా చూపించాలి?"

చూపించకండి. వారి చేతనే చేయించండి. నా జవాబు ఇంతే, కానీ ఇది నాకు ఎలా తెలిసివచ్చిందో చెబితేనే మీకు పనికి వస్తుంది.

నేను 2022లో వరంగల్ నుంచి వచ్చాను. డెర్బీషైర్‌లో, కొండల అంచున ఉన్న చిన్న ఊళ్లో మా హోమ్. మొదటి ఏడాదంతా స్నానాలు చేయించడం, పడకలు మార్చడం, అన్నం తినిపించడం. తర్వాత యాక్టివిటీస్ చూసే ఆవిడ మానేయడంతో వారానికి మూడు రోజులు ఆ పని నాకు అప్పగించారు. 2024 ఏప్రిల్ మొదట్లో ప్రధాన కార్యాలయం నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో తెల్ల గుడ్డ మీద ఎర్ర శిలువ ఉన్న ఇంగ్లండ్ జెండాల తోరణాలు, ప్లాస్టిక్ టోపీలు, లండన్ ఎర్ర బస్సు బొమ్మ, రంగులు వేయడానికి, కథల్లో సెయింట్ జార్జ్ చంపే డ్రాగన్ బొమ్మ కాగితాలు ఉన్నాయి. ఆ సంస్థ నడిపే హోమ్‌లన్నిటికీ ఇదే పెట్టె వెళ్లింది.

ఆ కాగితాలు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా దగ్గర ముప్పై ఏళ్లు బొగ్గు గనిలోకి దిగిన పెద్దాయన ఉన్నారు. పదిహేనో ఏట మిల్లులో చేరినావిడ ఉన్నారు. జీవితంలో రెండే రెండుసార్లు లండన్ చూసినవారు ఉన్నారు. వారి చేతుల్లో పసిపిల్లల కాగితం, మైనపు రంగులు పెట్టి, "సంస్కృతి కార్యక్రమం జరిగింది" అని కంప్యూటర్‌లో టిక్కు పెట్టుకుంటే సరిపోతుందా?

ఏమైనా నేనూ ఆ కాగితాలు పంచాను. అందరూ మర్యాదకు తీసుకున్నారు. తొంభై దాటిన ఒకావిడ మాత్రం కాగితాన్ని బల్ల అంచుదాకా మెల్లగా తోసి, "ఇది కాదు డక్, మన్ను ఎక్కడ?" అన్నారు. డెర్బీషైర్‌లో పెద్దవాళ్లు ఎవరినైనా అలాగే 'డక్' అని ఆప్యాయంగా పిలుస్తారు. ఆవిడకు మతిమరుపు ఉంది. పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు. అందుకని నేను ఆ మాట పట్టించుకోలేదు. మధ్యాహ్నం మళ్లీ అడిగారు. సాయంత్రం మందులు ఇస్తున్నప్పుడు కూడా అడిగారు. ఆదివారం కూతురు వచ్చినప్పుడు చెబితే ఆమె కళ్లు పెద్దవి చేసి, "అమ్మ వెల్ డ్రెసింగ్ గురించి అడుగుతోంది" అంది.

డెర్బీషైర్ పల్లెల్లో ఊటబావులను పూలతో అలంకరించే ఆచారం అది. టిసింగ్టన్ అనే ఊళ్లో ఈస్టర్ తర్వాత వచ్చే అసెన్షన్ గురువారానికి చేస్తారు. 1348-49లో వచ్చిన ప్లేగు నుంచి తమ ఊరు బయటపడింది మంచినీళ్ల వల్లనే అని కొందరు, 1615 కరువులో కూడా బావులు ఎండలేదని కొందరు చెబుతారు. పెద్ద చెక్క పలకకు మేకులు కొట్టి, నీళ్లలో నానబెట్టి, దాని మీద మెత్తని బంకమన్ను పరుస్తారు. బొమ్మ గీసిన కాగితం ఆ మన్ను మీద పరచి, గీతల వెంబడి సూదితో పొడుస్తారు. కాగితం తీశాక ఆ చుక్కల వెంట గింజలు, చిన్న కాయలు గుచ్చి, లోపలంతా పూల రేకులు అతికిస్తారు. పూలు, ఆకులు, నాచు, గింజలు, అన్నీ ప్రకృతిలో దొరికేవే. వారం రోజులు ఉంచి తీసేస్తారు.

నాకు వెంటనే బతుకమ్మ కళ్లముందు మెదిలింది. నీటికి దండం పెట్టడానికి పూలు పేర్చే చేతులు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. తంగేడు, గునుగు ఏరుకొచ్చి, మా అమ్మ పక్కన కూర్చుని పేర్చినదాన్ని నేను. ఈ దేశం వచ్చిన రెండేళ్లలో ఇది నాకు తెలిసిన పని అని అనిపించింది ఆ రోజే.

మా మరమ్మతుల మనిషి తలుపంత పలక కోసి మేకులు కొట్టాడు. ఎవరూ వాడని పాత స్నానపు తొట్టిలో రెండు రోజులు నానబెట్టాం. మన్ను కలిపేటప్పుడు ఆవిడ "ఉప్పు వెయ్యి" అన్నారు. వంట సంగతి ఏదో మాట్లాడుతున్నారనుకుని నేను వేయలేదు. కేర్ హోమ్‌లో హీటర్లు ఎలా మండుతుంటాయో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తెల్లారేసరికి మన్నంతా బీటలు వారింది. ఆవిడ వచ్చి వేలితో ఆ పగులు తడిమి, "ఉప్పు వేయలేదు కదూ?" అన్నారు. మన్నులో తడి ఆరకుండా ఉండడానికే ఉప్పు. పొద్దున తిన్నది మరచిన మనిషికి ఉప్పు సంగతి గుర్తుంది. నేను వినలేదు. ఆ సిగ్గు నాలో ఇప్పటికీ ఉంది.

రెండోసారి ఉప్పు వేశాం. గనిలో పనిచేసిన పెద్దాయన, ఎన్నడూ ఏ కార్యక్రమానికీ గది దాటి రానివారు, తలుపు దగ్గర నిలబడి చూసి, "అలా పిసికితే ఉండలు కడుతుంది" అని లోపలికి వచ్చి చొక్కా చేతులు మడిచారు. గంటసేపు ఆయనే పిసికారు. గీతలు పొడవడానికి సూదులు కావాలంటే మేనేజర్ లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకున్నారు. అది సరైన పనే. డాఫడిల్ పూలు తోటనిండా ఉన్నా వాడలేదు, ఎందుకంటే అవి విషం. మా వాళ్లలో చేతికందినది నోట్లో పెట్టుకునేవారు ఇద్దరున్నారు. పసుపుకు డాండిలియన్ పూలు కోసుకొచ్చాం. జెండా బొమ్మ వేద్దామా అని అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపి గొర్రెపిల్లను వేద్దామన్నారు. కూతురు పొలం కంచెల ముళ్లకు చిక్కుకున్న ఉన్ని ఏరి సంచినిండా తెచ్చింది.

రేకులు కింది నుంచి పైకి, పెంకుటింటి కప్పులాగా ఒకదాని మీద ఒకటి ఎక్కేటట్టు పెట్టాలి, అప్పుడే వాన నీళ్లు జారిపోతాయి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నేను పైనుంచి మొదలుపెడితే ఆవిడ నా చేయి పట్టుకుని కిందికి దించారు. కీళ్లవాతంతో వంకర తిరిగిన వేళ్లు, స్పూను పట్టుకోలేని వేళ్లు, ట్యులిప్ రేకును చిదమకుండా మన్నులోకి నొక్కాయి. పక్కనున్నావిడకు నేర్పారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సుకు నేర్పారు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఇంటికి వెళ్తానని ఏడ్చే మనిషి ఆ రోజు ఆరైనా లేవలేదు.

మనవాళ్ల వాట్సాప్ గుంపుల్లో ఒక మాట తెగ తిరుగుతుంది: ఇంగ్లిష్ వాళ్లకు సంస్కృతి లేదు, తల్లిదండ్రులను హోమ్‌లో పడేస్తారు అని. ఆ కూతురు బుధవారం, ఆదివారం తప్పకుండా వస్తుంది. అమ్మ జాకెట్లు ఇంట్లో ఇస్త్రీ చేసి తెస్తుంది. ఈ మాటలు పంపేవారిలో ఎంతమంది తమ నానమ్మ పాడిన పాట ఒక్కటైనా రాసి పెట్టుకున్నారో నాకు చెప్పండి.

పాటలంటే గుర్తొచ్చింది. ఏ హోమ్‌కు వెళ్లినా గాయకులను పిలిపించి రెండో ప్రపంచ యుద్ధకాలం పాటలే పాడిస్తారు. ఇప్పుడు ఎనభై ఏళ్లున్నవారు యుద్ధం ముగిసే రోజుల్లో పుట్టారు. వారి కుర్రతనంలో రేడియోలో మోగింది బీటిల్స్. ముసలివారు అనగానే అందరినీ 1940లో నిలబెట్టేస్తే ఎలా? పుట్టిన సంవత్సరం ఫైలులోనే ఉంటుంది, దానికి పదిహేను కలిపి ఆ ఏటి పాటలు వెతకండి.

తిండి విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఈ పండుగ అనగానే స్కోన్ అనే చిన్న బన్ను, జామ్, మీగడ పెట్టేస్తారు. మింగడం కష్టమైనవారికి పొడిపొడిగా రాలే స్కోన్ ప్రమాదం. ముందు ఎవరికి తిండి ఎంత మెత్తగా ఉండాలో స్పీచ్ థెరపిస్టు రాసిన స్థాయి చూడండి. నాలుగో స్థాయి వారికి పూర్తిగా మెత్తగా చేసిందే పెట్టాలి. పైగా జామ్ ముందా మీగడ ముందా అన్న తగవు డెవన్, కార్న్‌వాల్ వారిది. మాకు దగ్గర్లో ఉన్నది బేక్‌వెల్. ఆ ఊరి పుడ్డింగ్ పొరల పిండి మీద జామ్, దాని మీద గుడ్డు, బాదం కలిపిన ముద్ద. దేశమంతా అమ్మే బేక్‌వెల్ టార్ట్ వేరు, తమ పుడ్డింగ్ వేరు అని మా వాళ్లు అరగంట వాదించారు. ఆ అరగంటలో మాట్లాడినంతగా వారు నెలరోజుల్లో మాట్లాడలేదు. మింగలేనివారికి వంటమనిషి బాదం కస్టర్డ్ చేసి ఇచ్చింది, ఎవరికీ వెలితి కలగలేదు.

ఏప్రిల్ 23 ఇంగ్లండ్‌లో సెలవు రోజు కాదు. కుటుంబాలు రావాలంటే దగ్గరి ఆదివారం పెట్టుకోండి. మేము 21న పెట్టుకున్నాం. మీరు బయటివారని జంకుతున్నట్టున్నారు. సెయింట్ జార్జ్ కప్పదోకియాలో పుట్టాడని చెబుతారు, అది ఇప్పటి టర్కీలో ఉంది. ఆయన ఇంగ్లండ్‌లో ఎన్నడూ కాలు పెట్టలేదు. అయినా వీరు తమవాడనే అనుకున్నారు. మీరెందుకు భయపడాలి? జెండా కావాలని ఎవరైనా అడిగితే సంతోషంగా కట్టండి, అది వారిదే. పనిని మాత్రం జెండాతో మొదలుపెట్టకండి. ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలు కూర్చుని, చిన్నప్పుడు మీ ఊళ్లో వసంతం రాగానే ఏం చేసేవారు అని అడగండి. మతిమరుపు ఉన్నవారిని మాటలతో కాదు, వస్తువులతో అడగండి. మన్ను, ఉన్ని, పిండి ఏదో ఒకటి చేతిలో పెట్టి ఊరుకోండి.

మా పలకను రిసెప్షన్ పక్కన, కిటికీ చల్లగాలి తగిలే చోట నిలబెట్టాం. ఆరో రోజుకు రేకులు గోధుమ రంగుకు తిరిగాయి. తీసి చెత్తలో వేయబోతే ఆవిడ, "మన్ను పారేయకు" అన్నారు. రేకులు ఏరేసి, ఆ మన్నును బకెట్‌లో పెట్టి, తడిగుడ్డ కప్పి తోట గదిలో ఉంచాం. వారానికోసారి గుడ్డ తడపడం ఆ గని పెద్దాయన పని. నీలం రంగు సరిగా కుదరలేదని ఆవిడకు అసంతృప్తి ఉంది కాబట్టి ఆ వేసవి చివర్లోనే హైడ్రేంజియా రేకులు ఎండబెట్టి డబ్బాలకెత్తాం.

మీ హోమ్ ఏ కౌంటీలో ఉందో రాయండి. అక్కడివారు ఏం చేసేవారో నాకు తెలిసినంత చెబుతాను, కానీ అంతకుముందు మీ వాళ్లను అడిగి రండి.