ప్రశ్నలు – జవాబులు: డెల్టా ఊళ్లలో రంగుల వేట

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. హైదరాబాదులో ఉంటున్న మా అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలతో కలిసి సంక్రాంతి సెలవుల్లో కారవాన్ అద్దెకు తీసుకొని, కాకినాడ నుంచి నరసాపురం దాకా నాలుగు రోజులు తీరం వెంట తిరగాలని అనుకుంటున్నాము. మా మనవరాలు బొమ్మలు వేయడం నేర్చుకుంటోంది. ఫోర్ట్ కొచ్చి గోడల మీది చిత్రాలను చూసి వచ్చినప్పటి నుంచి, మన వైపు అటువంటి ఊళ్లు ఎక్కడున్నాయి తాతయ్యా అని అడుగుతోంది. ఎక్కడ ఆగాలి? రాత్రిపూట బండిని ఎక్కడ నిలుపుకోవాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అమ్మాయి నిరాశపడకుండా ఉండాలంటే ఒక సంగతి ముందే చెప్పాలి. ఫోర్ట్ కొచ్చి వంటి గోడల ఊరు గోదావరి డెల్టాలో లేదు. కొచ్చిలో 2012 డిసెంబరులో బినాలే (రెండేళ్లకొకసారి జరిగే కళా ప్రదర్శన) మొదలైన నాటి నుంచి దేశదేశాల చిత్రకారులు అక్కడికి వచ్చిపోతున్నారు కనుక ఆ గోడలకు ఆ కళ వచ్చింది. ఢిల్లీలోని లోధీ కాలనీలోనూ, హైదరాబాదులోని మక్తాలోనూ చిత్రకారులను పిలిపించి, ఒక పథకం ప్రకారం వీధులకు వీధులే గోడల మీద బొమ్మలు వేయించారు. మన తీరపు పట్టణాలకు అటువంటి పూనిక ఇంకా రాలేదు. 2016లో పట్టణాల మధ్య పరిశుభ్రత పోటీలు మొదలయ్యాక మున్సిపాలిటీలు గోడలకు రంగులు వేయించిన మాట నిజమే గాని, ఆ చెత్తబుట్టలు, మొక్కలు, గాంధీగారి కళ్లజోడు కాకినాడలోనైనా కరీంనగర్‌లోనైనా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. వాటి కోసం బండి ఆపనక్కరలేదు.

అయితే డెల్టాలో రంగుకు కరువు లేదు. ఇక్కడ రంగు గోడ మీద కంటే కదిలే వస్తువుల మీద, ఏటేటా కొత్తగా పూసుకునే వస్తువుల మీద ఎక్కువగా కనిపిస్తుంది. గోడల మీద ఎందుకు నిలవదో రెండో ప్రశ్నకు ఇచ్చిన జవాబులో చదువుకోవచ్చు. మీరు ఆ కదిలే రంగులను వెదుక్కుంటూ వెళ్లండి.

కాకినాడ కంటే ముందు రాజమహేంద్రవరంలో ఒక పూట ఆగమని నా సలహా. అది తీరపు పట్టణం కాకపోయినా, గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలే ధవళేశ్వరం దాని పక్కనే ఉన్నది కనుక డెల్టా ప్రయాణానికి అదే సరైన గుమ్మం. అక్కడ దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1897లో పుట్టి, 1925లో మశూచితో కన్నుమూసిన ఆ చిత్రకారుడు, ముప్పై ఏళ్లయినా నిండని జీవితంలో ఈ నది ఒడ్డునే తన వర్ణాలను వెదుక్కున్నాడు. మనవరాలు ఆ నీటిరంగుల బొమ్మలను చూసి బయలుదేరితే, దారిలో కాలువ నీటి రంగును, కొబ్బరితోటల నీడను మరోలా చూస్తుంది.

కాకినాడలో బీచి కంటే చేపల రేవు ముఖ్యం. పడవల ముక్కుల మీద దేవుళ్లు, శిలువలు, సినిమా నటులు, పార్టీ జెండాలు, పిల్లల పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవలతో వేట నిషేధం. పడవలను ఒడ్డుకు లాగి, చెక్కలు మార్చి, పగుళ్లు పూడ్చి, రంగులు వేసేది ఆ రోజుల్లోనే. కాబట్టి సంక్రాంతి నాటికి మీకు కనిపించేది ఏడు నెలల ఉప్పునీటికి నానిన రంగు. నాకైతే కొత్త పూత కంటే ఆ వెలిసిన పూతే అందంగా ఉంటుంది, ఎందుకంటే కింది పొరలోని నిరుటి నీలం, ముందటేటి ఆకుపచ్చ అప్పుడే బయటపడతాయి. కొత్త రంగు చూడాలనుకుంటే ఎండకు ఓర్చి మే నెలాఖరులో మరొకసారి రావాలి. రేవుకు తెల్లవారకముందే వెళ్లండి, అడగకుండా ఫొటోలు తీయవద్దు, చెప్పులతో పడవ ఎక్కవద్దు.

అక్కడి నుంచి నరసాపురానికి జాతీయ రహదారి 216 మీద సుమారు 120 కిలోమీటర్లు. కోరంగి మడ అడవులను చూడదలచుకుంటే ఒక గంట చాలు. 1839 నవంబరు తుపానుకు కొట్టుకుపోయిన రేవు పట్టణం ఆ కోరంగే. సముద్రం పక్కన గోడలకు ఎంత ఆయువు ఉంటుందో అక్కడ వేరే చెప్పనక్కరలేదు. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, నేటికీ పుదుచ్చేరిలో భాగంగా ఉన్న యానాంలో గౌతమి గట్టున సాయంత్రం నడవడం హాయిగా ఉంటుంది. కాని పుదుచ్చేరి పట్టణంలోని పసుపు గోడల వీధులను ఊహించుకొని వెళితే అవి దొరకవు. యానాం మరో పాలనలోని ఊరు కాబట్టి, అద్దె బండికి అక్కడికి అనుమతి ఉన్నదో లేదో యజమానిని ముందే అడిగి తెలుసుకోండి.

మీ ప్రయాణానికి గుండెకాయ కోనసీమ, అందులోనూ కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం. వెదురుతోనూ కర్రతోనూ ఎత్తుగా కట్టి, రంగురంగుల గుడ్డలు, నూలు, పూలదండలు చుట్టిన ప్రభల మీద, చుట్టుపక్కల పదకొండు గ్రామాల నుంచి ఏకాదశ రుద్రులను ఆ తోటకు తీసుకువస్తారు. మనుషులు వాటిని భుజాల మీద మోస్తూ పైరు నిలిచి ఉన్న చేల మధ్య నుంచే నడుస్తారు. తొక్కిన చేను గురించి రైతు బాధపడడు, దేవుడు తన చేలో నడిచాడని సంతోషిస్తాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువలో దిగి, మెడలోతు నీటిలో ఊగుతూ అవతలి గట్టుకు చేరే దృశ్యం ముందు ఏ పట్టణపు గోడా నిలవదు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఈ తీర్థమే. అయితే చిత్రకళ నేర్చుకునే పిల్ల చూడవలసింది తీర్థం ఒక్కటే కాదు. అంతకు రెండు మూడు రోజుల ముందు ఆ ఊళ్లలో ప్రభలను కడుతుంటారు. ఏ రంగు పక్కన ఏ రంగు కట్టాలనే విషయంలో ఊరి పెద్దల మధ్య జరిగే వాదన ఏ కళాశాలలోనూ వినిపించదు. భోగి నాటికే అమలాపురం చేరి కారవాన్‌ను అక్కడే ఉంచి, కనుమ నాడు ఆటోలోనో మోటారు సైకిలు మీదనో వెళ్లండి. ఆ రోజు ఆ దారుల్లో పెద్ద బండిని తిప్పే చోటు కూడా దొరకదు.

అమలాపురం దాటాక గోడల మీద చేతిరాతలను గమనించండి. ఫ్లెక్సీ వచ్చి పట్టణాల్లో బోర్డులు రాసేవారి కుంచెలను మూలన పెట్టించింది గాని, రొయ్యల మేత, సిమెంటు, ఎరువుల ప్రకటనలను పల్లెల్లో ఇంకా గోడ మీదే రాయిస్తున్నారు. గుండ్రని తెలుగు అక్షరాన్ని నిలువెత్తున ఒక్క ఊపులో లాగే ఆ చేతులకు దక్కవలసిన గౌరవం దక్కలేదన్నది నా ఫిర్యాదు. తన చేతిరాతనే అక్షరాల అచ్చుగా తెలుగువారికి ఇచ్చిన బాపు 1933లో పుట్టింది మీ ప్రయాణం ముగిసే నరసాపురంలోనే. మనవరాలి చేత అక్కడ ఒక గోడ మీది అక్షరాలను పుస్తకంలోకి ఎక్కించండి.

ఇక బండి సంగతి. గౌతమి మీద ఎదుర్లంక వద్ద, వైనతేయ మీద బోడసకుర్రు వద్ద, వసిష్ఠ మీద చించినాడ వద్ద వంతెనలు ఉన్నాయి కనుక కారవాన్ ఎక్కడా పంటు (బండ్లను నది దాటించే బల్లకట్టు) ఎక్కనక్కరలేదు. సరదా కోసం కూడా ఎక్కించవద్దు. ఒకసారి సఖినేటిపల్లి రేవులో మేము అద్దెకు తెచ్చుకున్న పొడుగు వ్యాను పంటు పలక మీద పొట్ట ఆని, ముందుకూ వెనక్కూ కదలక, అరగంట సేపు రెండు ఒడ్డుల జనానికీ వినోదం పంచింది. కాలువ గట్ల మీద నిలపవద్దు, ఎందుకంటే వానకు నానిన గట్టు అంచు పైకి గట్టిగా కనిపించినా చక్రం కింద కుంగుతుంది. ఊరి ముఖద్వారాల ఎత్తును, వేలాడే కరెంటు తీగలను చూసుకోండి. రాత్రి మకాంకు దిండిలో పర్యాటక శాఖ విడిది వద్దగాని, పట్టణాల్లో ఆవరణ ఉన్న లాడ్జీల వద్దగాని ముందే మాట్లాడుకోవడం మంచిది. ఇసుకలోకి దింపితే మర్నాడు ట్రాక్టరు పిలవాలి. తీరపు ఊళ్ల బోరు నీరు చాలా చోట్ల ఉప్పన కాబట్టి బండిలోని నీటి తొట్టిని రాజమహేంద్రవరంలోనో అమలాపురంలోనో నింపుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, మరుగుదొడ్డి తొట్టిని కాలువలో ఖాళీ చేయవద్దు. దిగువ పల్లెల మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువ నీటితోనే.

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉన్న ఇల్లు. వీధి వైపు ప్రహరీ మీద మా నాన్నగారి పడవ బొమ్మను రెండేళ్ల క్రితం ఖరీదైన రంగులతో వేయించాము. ఇప్పుడు మోకాలి ఎత్తు దాకా పెచ్చులూడి, తెల్లగా ఉప్పు తేలింది. రంగు మంచిది కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పు రంగుది కాదు, గోడది. ఇటుక గోడ నేలలోని తేమను వత్తి నూనెను పీల్చినట్టు పైకి పీలుస్తుంది. ఆ తేమలో కరిగి ఉన్న ఉప్పు, గోడ ముఖం వద్ద నీరు ఆవిరైనప్పుడు గడ్డకట్టి స్ఫటికాలుగా పెరుగుతుంది, ఆ స్ఫటికాలే పూతను లోపలి నుంచి నెడతాయి. ఉప్పు తగిలిన ఇసుకతో కట్టిన గోడైతే ఉప్పు నేల నుంచి ఎక్కనవసరం కూడా లేదు. పుట్టీ పెట్టి దాని మీద గాలి ఆడని నూనె రంగు వేస్తే తేమకు దారి మూసుకుపోయి నష్టం ఇంకా త్వరగా వస్తుంది. మీ విషయంలో మోకాలి ఎత్తు దాకానే పాడయిందంటున్నారు కాబట్టి ఇది నేల చెమ్మే.

ఊడిన పూతను గీకి, ఉప్పును పొడి కుంచెతో దులిపి ఎత్తివేయండి. నీళ్లతో కడిగితే కరిగిన ఉప్పు తిరిగి గోడలోకే పోతుంది. ఒక వేసవి అంతా గోడను ఆరనిచ్చి, ఆ భాగానికి సిమెంటు బదులు సున్నపు గచ్చు చేయించండి, దానికి గాలి ఆడుతుంది. తడి సున్నం మీద వేసిన రంగు, సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి రాయిగా మారేటప్పుడు దానిలోనే బంధింపబడుతుంది. అయితే సున్నానికి అన్ని రంగులూ ఓర్వవు. కావి, పసుపు మట్టి, మసి నలుపు నిలుస్తాయి. ఎండకు మొదట వెలిసేవి సాధారణంగా మెరుపు ఎరుపులూ మెరుపు పసుపులూ కాబట్టి పడవకు కావి ఎరుపు వాడితే మీ మనవల కాలానికి కూడా ఎరుపుగానే కనిపిస్తుంది. మాఘ, ఫాల్గుణాల్లో పని పెట్టుకోండి. నేల నుంచి రెండడుగులు బొమ్మ లేకుండా ఉత్త సున్నం పూసి వదిలేసి, ఏటా సంక్రాంతికి ఆ పట్టీకి మాత్రం మళ్లీ సున్నం వేయించండి. పడవ నీటి మీద ఉన్నట్టు కూడా కనిపిస్తుంది.

ప్రశ్న: మా పాత టెంపోలో పడకలు, పొయ్యి అమర్చి, పక్కల మీద బొమ్మలు వేయించి తీరం వెంట తిరగాలని ఉంది. చట్టం ఒప్పుకుంటుందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చరాదు. పడకలు, పొయ్యి అమర్చడానికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, మార్పును రిజిస్ట్రేషను పత్రంలో ఎక్కించుకొని, బీమా సంస్థకు కూడా తెలియజేయండి. మొత్తం బరువు 7,500 కిలోలకు లోపు ఉంటే తేలికపాటి వాహనాల లైసెన్సు సరిపోతుంది. బొమ్మల విషయానికి వస్తే, పత్రంలో రాసిన బండి రంగే మారిపోయేంతగా వేయిస్తే దానినీ నమోదు చేయించుకోవాలి. నంబరు పలకలను, దీపాలను బొమ్మల్లో కలపవద్దు. భీమవరంలో లారీలకు రంగులు వేసేవారిని అడిగి చూడండి. ఉప్పుగాలికి రేకు తుప్పు పట్టకుండా కింద ఏ పూత వేయాలో వారికి బాగా తెలుసు.