వారెన్స్‌బర్గ్ నుంచి మేరీవిల్ ఎంత దూరం? వారాంతాల్లో కలుసుకోవచ్చా?

మీ తమ్ముడికి వారెన్స్‌బర్గ్‌లో, బావమరిదికి మేరీవిల్‌లో సీటు వచ్చిందని, రెండూ అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలోనే కాబట్టి ఒకరికొకరు తోడుగా ఉంటారా అని అడిగారు. ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 150 మైళ్ళు, అంటే 240 కిలోమీటర్లు. కారులో ఎక్కడా ఆగకపోయినా రెండున్నర గంటలు దాటుతుంది. నేను వారెన్స్‌బర్గ్‌లోనే ఎం.ఎస్. చేశాను, మేరీవిల్‌లో స్నేహితులు ఉండేవారు. కారు లేకుండా వారం వారం కలవడం కుదరదు. ముందే చెప్పడం మంచిది.

ఒక సంగతి కనుక్కోండి. వారెన్స్‌బర్గ్‌లోని సెంట్రల్ మిస్సోరీ యూనివర్సిటీకి కాన్సస్ సిటీ శివార్లలోని లీస్ సమ్మిట్‌లోనూ క్యాంపస్ ఉంది. తమ్ముడి క్లాసులు అక్కడైతే దూరం కొంత తగ్గుతుంది.

దారి తేలికే. యు.ఎస్. 50 హైవే మీద పడమరగా కాన్సస్ సిటీ, ఊరి అంచు నుంచి ఐ-29 పట్టుకుని ఉత్తరంగా సెయింట్ జోసెఫ్, అది దాటాక యు.ఎస్. 71. కాన్సస్ సిటీ ఎయిర్‌పోర్టు కూడా ఐ-29 పక్కనే. అందుకే మేరీవిల్ వాళ్ళు ఎవరినైనా దింపడానికి ఎయిర్‌పోర్టుకు వస్తుంటే, వాళ్ళ కారులో ఖాళీ ఉందేమో అడిగేవాళ్ళం. వారెన్స్‌బర్గ్‌లో ఆమ్‌ట్రాక్ రైలు ఆగుతుంది, కాన్సస్ సిటీకి అందులో వెళ్ళిపోవచ్చు. మేరీవిల్‌కు మాత్రం రైలు లేదు. చలికాలంలో కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లల్ని మంచు కురిసే రాత్రి ఆ 71 మీదికి పంపొద్దు. జింకలు అడ్డం వస్తాయి, చాలా దూరం చుట్టూ పొలాలే.

రెండూ టీచర్లను తయారుచేసే కాలేజీలతో పెరిగిన ఊళ్ళు. వారెన్స్‌బర్గ్‌ది 1871లో, మేరీవిల్‌ది 1905లో మొదలైంది. మేరీవిల్ క్యాంపస్ నిండా చెట్లే, ఆకులు రాలే కాలంలో చూసి తీరాలి. వారెన్స్‌బర్గ్ దగ్గర్లో వైట్‌మన్ వైమానిక స్థావరం ఉంది, ఒక్కోసారి బి-2 బాంబర్లు తలమీదుగా పోతాయి. కానీ నాకు ఆ ఊరంటే ముందు గుర్తొచ్చేది ఓల్డ్ డ్రమ్ అనే వేటకుక్క. 1869లో దాన్ని కాల్చి చంపితే యజమాని చార్లెస్ బర్డెన్ పొరుగాయన మీద దావా వేశాడు. మరుసటి ఏడాది అక్కడి కోర్టులో లాయర్ జార్జ్ వెస్ట్ సాక్ష్యాల జోలికి పోకుండా కుక్క విశ్వాసం గురించే మాట్లాడి కేసు గెలిచాడు. తర్వాత ఆయన సెనేటర్ కూడా అయ్యాడు. ఇప్పటి కోర్టు ముందు ఆ కుక్క విగ్రహం ఉంది, తమ్ముణ్ణి తప్పక చూడమనండి.

ఇద్దరూ కలవాలంటే మాత్రం కాన్సస్ సిటీయే మేలు. పక్కనే షానీలో హిందూ దేవాలయం ఉంది. పండక్కి అక్కడికి వస్తే, మేరీవిల్ నుంచి కాస్త ఎక్కువ దూరమైనా, ఇద్దరికీ ప్రయాణం తగ్గుతుంది, రెండు ఊళ్ళ మనవాళ్ళూ కనబడతారు.