పాప చదువు సంగతి సరే, ఆయనతో మీరు మాట్లాడేది ఎప్పుడు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక దగ్గర ఒక కాలనీ. మావారు అక్కడే చీటీలు నడిపేవారు. అవి మునిగిపోయాక కేసు పెట్టారు, కోర్టు ఏడాది శిక్ష వేసింది. అడవివరం జైలు నుంచి వచ్చి నాలుగేళ్లయింది. నా బంగారం అమ్మి, ఇంటి మీద అప్పు తెచ్చి చాలావరకు బాకీలు తీర్చాం. ఇప్పుడు నేను జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతున్నాను. ఆయనతో నాకు మాటల్లేవు. వండి పెడతాను, ఏదైనా చెప్పాలంటే పాపతో చెప్పిస్తాను. పాప ఈ ఏడాది ఇంటర్ పాసైంది. సైకాలజీ, క్రిమినాలజీ (నేరశాస్త్రం) రెండూ చదువుతానని పట్టుబట్టింది. బ్రిటన్‌లో రెండూ కలిపి ఒకే డిగ్రీగా చెబుతారట, ఇక్కడ ఎలా కుదురుతుందా అని వెతుకుతోంది. మొన్న ఒక పేరంటంలో మా తోటికోడలు అందరి ముందూ, ‘నేరస్తుల చదువా? ఇంట్లో ఒకరు చాలలేదా?’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ చదువుకు ఉద్యోగాలుంటాయా? రేపు పెళ్లి సంబంధాలు వస్తాయా? నచ్చజెప్పి బీకాంలో చేర్పించమంటారా?
ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పెళ్లి సంబంధాల మాట ఇప్పుడు ఆ పిల్ల ముందు ఎత్తకండి. రేపు సంబంధం వచ్చినవాళ్లు వాకబు చేస్తే ముందుగా తెలిసేది చీటీల సంగతే. పాప బీకాం చదివినా తెలుస్తుంది, బీటెక్ చదివినా తెలుస్తుంది. ఇక తోటికోడలు. ఆ మాట అన్నప్పుడు మీరు తిరిగి ఒక్క మాటైనా అనలేదని మీ ఉత్తరమే చెబుతోంది. ఎందుకు అనలేదు? మెడలో బంగారం అమ్మి ఊరివాళ్ల బాకీ తీర్చిన మనిషి ఏ పేరంటంలోనూ తల దించుకోనక్కర్లేదు. మళ్లీ అంటే అక్కడే, అందరూ వింటుండగానే బదులు చెప్పండి.

నన్ను ఆపేసింది వేరే సంగతి. నాలుగు పేజీలు రాశారు, పైన వేసింది అందులో కొంతే. పాప చదువు గురించి తోటికోడలు ఏమందో, కాలేజీ లెక్చరర్ ఏమన్నారో, చివరికి ఎదురింటావిడ ఏమనుకుంటుందో కూడా రాశారు. కన్నతండ్రి ఏమన్నాడో మాత్రం ఎక్కడా లేదు. ఆయనను ఎవరూ అడగలేదన్నమాట.

రెండో పేజీలో మీరు మామూలుగా రాసుకుంటూ పోయిన ఒక ముక్క ఉంది. మీరు వంటింట్లోంచి ‘గ్యాస్ అయిపోయింది, మీ నాన్నతో చెప్పు’ అంటారు. ఆయన వరండాలోనే ఉంటారు, మీ మాట ఆయనకు వినబడుతూనే ఉంటుంది. అయినా పాప పుస్తకం మూసి, లేచి వెళ్లి, ‘నాన్నా, గ్యాస్ అయిపోయిందట’ అని చెబుతుంది. ఆయన ‘సరేనని చెప్పు’ అంటారు. పాప మళ్లీ వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆ ‘సరే’ మీకు అప్పజెబుతుంది. పదమూడు పద్నాలుగేళ్ల వయసు నుంచీ ఆ పిల్ల ఇదే పని చేస్తోంది. ఇంతకంటే బరువైన చాకిరీ ఏ పిల్లకూ ఉండదని నా అభిప్రాయం.

కోర్టు ఆయనకు వేసిన శిక్ష ఏడాది, అది అయిపోయింది. మీరు వేసిన శిక్షకు గడువు లేదు, పైగా దాన్ని అనుభవిస్తున్నది పాప.

క్షమించమని నేను చెప్పను. ‘పిల్ల కోసం సర్దుకుపో’ అనే సలహా వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన చేసింది చిన్న తప్పు కాదు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ మొదలుపెట్టడమే నేరం. ఆయన అక్కడితో ఆగకుండా ఒక చీటీ డబ్బు తీసుకెళ్లి ఇంకో చీటీ పాడుకున్నవాళ్లకు సర్దారు. ఆడపిల్ల పెళ్లికని దాచుకున్నవాళ్లను వీధిలో నిలబెట్టారు. ఇదంతా మీకు ఒక్క ముక్క చెప్పకుండా చేశారు. మీ కోపం న్యాయమైనదే. విడిగా ఉంటానంటే అది మీ హక్కు, నేను అడ్డు చెప్పను. కానీ ఒకే కప్పు కింద ఉంటూ, పూటపూటా వడ్డిస్తూ, మాట మాత్రం పిల్ల నోటితో పంపడం ఇక మానండి. కోపముంటే ఎదురుగా కూర్చోబెట్టి తిట్టండి. ఎందుకు చేశావని అడగండి. ఇంకా ఎవరెవరికి ఎంత ఇవ్వాలో ఆయన నోటితో చెప్పించి, కాగితం మీద ఆయన చేతే రాయించండి. ఆయన ఐపీ పెట్టి ఊరు విడిచి పారిపోలేదు, తిరిగి అదే కాలనీకి వచ్చి ఉంటున్నారు. అదేమీ గొప్పతనం కాదు. అడిగితే జవాబు చెప్పడానికి మనిషి ఉన్నాడని మాత్రం గుర్తు చేస్తున్నాను.

నాన్న జైలుకు వెళ్లాడు కాబట్టే పాప ఈ చదువు కోరుతోందని మీ భయం. కావచ్చు, కాకపోవచ్చు. జైలు మొహం ఎరగని ఇళ్ల పిల్లలు కూడా ఇదే చదువు అడుగుతున్నారు. అయినా కారణం అదే అనుకుందాం, అందులో సిగ్గుపడవలసింది ఏముంది? మనిషి ఆ పని చేసేటప్పుడు అతని మనసులో ఏముందని సైకాలజీ అడుగుతుంది. అతని చుట్టూ ఎలాంటి పరిస్థితులున్నాయి, చట్టం ఏం చేసింది, నష్టపోయినవాళ్లకు ఏం దక్కింది, శిక్ష ముగిశాక అతను ఎలా బతికాడు అని క్రిమినాలజీ అడుగుతుంది. ఈ ప్రశ్నలన్నీ మీ ఇంట్లో నాలుగేళ్లుగా నోరు మూసుకుని కూర్చున్నవే.

నేరమంటే పేదల పని, దుర్మార్గుల పని అన్న నమ్మకాన్ని 1939లో సదర్లాండ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త గట్టిగా ప్రశ్నించాడు. నలుగురిలో పరువున్నవాళ్లు తమ వృత్తిని అడ్డం పెట్టుకుని చేసే మోసాలకు వైట్ కాలర్ నేరం అని పేరు పెట్టింది ఆయనే. క్రిమినాలజీలో ఈ పాఠం తప్పదు. మోసం కేసుల్లో వినబడే 420 సెక్షన్ స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలోని 318 వచ్చిందని కూడా పాప చదువుతుంది. తన ఇంటి కథలాంటిది ఏదో ఒక రోజు క్లాసులో తోటి పిల్లల మధ్య కూర్చుని వినక తప్పదు. అప్పటికి అసలు కథ మీ ఇద్దరి నోటా విని ఉండాలి. లెక్చరర్ ఉదాహరణ చెబుతుంటే బల్ల కింద చేతులు నలుపుకునే గతి ఆ పిల్లకు పట్టించకండి.

ఇక దారి. క్రిమినాలజీ మన దగ్గర విడి డిగ్రీగా దొరకడం అరుదు, ఎక్కువగా న్యాయవిద్యలో ఒక భాగంగానే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో డిగ్రీకి ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పద్ధతి తెచ్చారు. కాబట్టి సైకాలజీ మేజర్ ఉన్న కాలేజీలో చేర్పించి, క్రిమినాలజీని పీజీకి ఉంచడం నా దృష్టిలో మంచి వరస. సైకాలజీలోనే పైకి వెళ్లాలనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విభాగం దశాబ్దాలుగా ఉంది. క్రిమినాలజీకి మద్రాసు విశ్వవిద్యాలయం, మధ్యప్రదేశ్‌లోని సాగర్, గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండు డిగ్రీలు ఏకకాలంలో చేయడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో అనుమతించింది, ఒకటి కాలేజీలో చదువుతూ ఇంకొకటి దూరవిద్యలో చేయవచ్చు. అయితే మొదటి ఏడాదే రెండూ నెత్తిన పెట్టుకోవద్దనండి. బ్రిటన్ ఊసు ప్రస్తుతానికి వద్దు. ఇంటి మీద అప్పు ఉండగా ఇంకో అప్పు ఎందుకు? పైగా అక్కడ సైకాలజిస్టు కావాలన్నా, చదివిన జంట డిగ్రీకి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి.

ఉద్యోగాలంటారా, ఉత్త డిగ్రీతో రావు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే పీజీ మీద మళ్లీ శిక్షణ, ఆపైన భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ కావాలి. ఆ శిక్షణ నిబంధనలు మారుతున్నాయి, చేరే ఏడాది ఎలా ఉన్నాయో చూసుకోవాలి. ఓపిక ఉంటే పనికి కొదవ లేదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పదహారు నిండిన పిల్లవాడు ఘోరమైన నేరం చేశాడని బోర్డు ముందుకొస్తే, అతని మానసిక స్థితిని అంచనా వేయడానికి సైకాలజిస్టుల సాయం తీసుకోవచ్చు. జైళ్లలో, కుటుంబ సలహా కేంద్రాల్లో కూడా ఈ చదువు అక్కరకొస్తుంది. సీరియళ్లలో లాగా మొహం చూసి హంతకుణ్ణి పట్టేసే కొలువు మాత్రం ఎక్కడా లేదని పాపకు ముందే చెప్పండి. మన జైళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది తీర్పు కోసం ఎదురుచూసే విచారణ ఖైదీలు. వాళ్ల మధ్య పని అంటే వినడం, రాయడం, వాయిదాల కోసం కాచుకోవడం. తండ్రి మీద కేసు ఉంది కాబట్టి కూతురికి ప్రభుత్వ ఉద్యోగం రాదన్నది కూడా వట్టి భయమే. ఆ ఫారాల్లో అడిగేది అభ్యర్థి మీద ఉన్న కేసుల గురించి.

ఈ ఆదివారం పాపను వాళ్ల అమ్మమ్మగారింటికి పంపి, మీరిద్దరే కూర్చోండి. మొదట చీటీల సంగతి తేల్చుకోండి, పాప చదువు తర్వాత. ఆయన ఏమీ మాట్లాడకపోతే మీరు మాట్లాడండి. గొడవైతే కానివ్వండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ ధ్రువపత్రం కావాలి. దానికోసం వార్డు సచివాలయానికి మీరు వెళ్లకండి, ఆయనను పంపండి, ఆ మాట కూడా మీరే చెప్పండి. అక్కడ చీటీలు కట్టినవాళ్లలో ఎవరో ఒకరు ఎదురవుతారు, ఏదో ఒకటి అంటారు కూడా. అననివ్వండి. కూతురి కోసం ఆయన ఆ మాత్రం నిలబడాలి.