బోరు నీళ్ల ఇంటికి సోలార్ వాటర్ హీటర్: ట్యూబులదా, ప్లేటుదా?

బోరు నీళ్లే దిక్కు, ఇంట్లో ఐదుగురం, ఏది పెట్టించాలి అని అడిగారు. గాజు ట్యూబులదే పెట్టించండి. మాది ఖమ్మం పక్క. మా బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. 2016లో రెండు వందల లీటర్లది పెట్టించాం, ఇప్పటికీ నడుస్తోంది.

ప్లేటు రకంలో నీళ్లు సన్నటి రాగి గొట్టాల్లోంచి వెళ్తాయి. వాటిలో సున్నం పట్టిందంటే ఇంట్లో విప్పి కడుక్కునే పని కాదు. హీట్ ఎక్స్‌ఛేంజర్ (బోరు నీళ్లు ఆ గొట్టాల్లోకి పోకుండా, వాటిలో తిరిగే వేరే ద్రవం వేడితో కాగే ఏర్పాటు) ఉన్న ప్లేటు తీసుకుంటే ఆ బాధ తగ్గుతుంది గానీ ధర ఎక్కువ. గాజు ట్యూబులోనూ సున్నం చేరుతుంది, కాకపోతే అడుక్కి దిగుతుంది, లాగి దులిపేసుకోవచ్చు. మూడేళ్లకి మొదటిసారి తీయిస్తే ఒక్కో దాంట్లో గుప్పెడు పొడి, ముగ్గుపిండిలో అప్పడం ముక్కలు నలిపి కలిపినట్టు.

ఆ రోజే ఒక పొరపాటు జరిగింది. కడిగిన ట్యూబులు బిగించేసరికి పదకొండు దాటింది. ప్లంబర్ టీ తాగి వచ్చి, ఖాళీగా ఎండలో కాగుతున్న వాటిలోకి చన్నీళ్లు వదిలాడు. టప్ మని ఒకటి, వెంటనే ఇంకొకటి పగిలాయి. నేను పక్కనే నిలబడి చూస్తూ కూడా ఆపలేదు, నాకూ తెలియదు మరి. నీళ్లు నింపడం తెల్లారుజామునో, పొద్దు గూకాకో పెట్టుకోండి.

ట్యాంకు కన్నా ముందు పైపు సంగతి చూడండి. మా బాత్రూమ్ ఇంటికి ఆ చివర ఉంది. పొద్దున్నే కుళాయి తిప్పితే ముందు ముప్పావు బకెట్ చన్నీళ్లే వస్తాయి. పైపు పొడవు తగ్గించి, పైన ఫోమ్ తొడిగించండి. ముసురు పట్టిన రోజుల కోసం ట్యాంకులో కరెంటు కాయిల్ ఉండనివ్వండి. వంద లీటర్లని 20 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే నాలుగున్నర యూనిట్ల పైనే అవుతుంది, అందుకే మేం ఆ స్విచ్ ఊరికే వెయ్యం.

మీ బాబాయి గారి రంగుల అద్దకం షెడ్డుకి పనికొస్తుందా అన్నారు. పట్టు ఉడకబెట్టడానికి దాదాపు మరిగే నీళ్లు కావాలి, ఇంటి మీద పెట్టే ఈ రకం ఒక్కటే అంత వేడి రోజూ ఇవ్వలేదు. అయితే 28 డిగ్రీల నీళ్లు 60కి వచ్చి పొయ్యి మీదకి ఎక్కితే, 95 దాకా తేవడానికి అయ్యే కట్టెల్లో సగం దాకా మిగులుతాయి. ఆవిరే కావాలంటే ఎండని ఒకచోటికి కూడగట్టే డిష్‌లు వేరే ఉన్నాయి. తిరుమలలో 2002లో అలాంటివి 106 పెట్టి, ఆ ఆవిరితో రోజుకి 15 వేల మందికి వంట చేసేలా కట్టారు. షెడ్డుకి అంత హంగామా అక్కర్లేదు లెండి.

కోతులున్న ఊరైతే ట్యూబుల మీద వల కట్టించండి. ప్రతి ట్యూబు అడుగున అద్దంలా వెండి మెరుపు ఉంటుంది. అది తెల్లగా మారితే ట్యూబు రెండు గాజు పొరల మధ్య వేడిని పోనివ్వకుండా ఆపే వాక్యూమ్ (గాలి లేని ఖాళీ) పోయినట్టే, ఆ ఒక్క ట్యూబు మార్పిస్తే చాలు.