వంటింటి ఉత్తరాలు: కోకో బిళ్లకు పాకం పనికిరాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చక్కెర లేని చాక్లెట్ బిళ్లల గురించే. దీపావళి దగ్గర పడుతోంది, చాలా ఇళ్లలో మధుమేహం ఉన్నవారు ఒక్కరైనా ఉంటున్నారు. అందుకే ఈసారి పచ్చళ్ల ఉత్తరాలను పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా మామగారి కోసం కోకో బటర్, కోకో పొడి, బాదం, చక్కెర బదులు వాడే ఎరిథ్రిటాల్‌తో బిళ్లలు చేశాను. మొదటిసారి నోట్లో ఇసుకలా తగిలాయి. రెండోసారి మెత్తగా వస్తాయని గరిటెడు గోరువెచ్చని పాలు పోశాను. అంతా ముద్దకట్టి, నూనె పైకి తేలింది. కోకో బటర్ ఖరీదు తలుచుకుంటే పారబోయడానికి చేతులు రావడం లేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: పారబోయకండమ్మా. ఆ ముద్దలో వేడి పాలు ధారాళంగా పోసి గిలకొట్టండి, పిల్లలకు చక్కటి కోకో పాలు అవుతాయి.

ఇక పొరపాటు. రెండుసార్లూ జరిగింది ఒకటే. మన చేతులకు పాకం అలవాటు. లడ్డూ అయినా, అరిసె అయినా తీపి కరిగి తీగ సాగాలి. కోకో బటర్‌లో అది జరగదు. అది పూర్తిగా కొవ్వు, నీటి తడి ఉండదు. చక్కెరైనా ఎరిథ్రిటాల్ అయినా నీళ్లలో కరుగుతాయి కానీ కొవ్వులో కరగవు. ఎంతసేపు కలిపినా రేణువు రేణువుగానే మిగులుతుంది. పాలు పోస్తారా, ఆ తడిని కోకో పొడీ తీపి రేణువులూ పీల్చుకుని ఒకదాన్నొకటి అంటుకుంటాయి, కొవ్వు విడిపోతుంది. మీ గిన్నెలో జరిగింది అదే.

మీరు సున్నుండలు చేసే ఉంటారు. వాటికి పాకం పడతామా? చక్కెరను మెత్తగా పొడి కొట్టి, మినప్పిండిలో కలిపి, నెయ్యి పోసి ఉండ చుడతాం. కోకో బిళ్ల కూడా సున్నుండ జాతి వంటే. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా మీకు తెలిసిన పనే.

ఎరిథ్రిటాల్‌ను పొడిగా ఉన్న మిక్సీ జారులో ఆపి ఆపి తిప్పండి. వెంటనే మూత తీయకండి, పొగలా లేచిన పొడి అణగాలి. జల్లెడ చాలదు. మా అమ్మమ్మ శొంఠిపొడికి చేసినట్టు పలుచటి నూలుగుడ్డలో వస్త్రఘాళితం పట్టండి. 30 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరింట మూడు వంతులు, దాటిన రేణువును నాలుక పసిగడుతుంది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య రుద్దినప్పుడు ముఖానికి రాసుకునే పౌడరులా జారితే సరిపోయినట్టే.

నేను వాడే కొలత చెబుతాను. కోకో బటర్ 100 గ్రాములు, తీపి కలపని కోకో పొడి 40, ఎరిథ్రిటాల్ పొడి 35, వేయించి ముద్దగా రుబ్బిన బాదం 50, వేయించి పలుకులు చేసిన బాదం 60, అక్రోట్ 40, చిటికెడు ఉప్పు, నాలుగు ఏలకుల పొడి. వెనీలా ఎసెన్సులోనూ తడి ఉంటుంది కాబట్టి నేను ఏలకులకే ఓటు వేస్తాను. ఎరిథ్రిటాల్ తీపి చక్కెర తీపిలో పదింట ఏడు పాళ్లే ఉంటుంది, పైగా నాలుక మీద పుదీనాలాంటి చల్లదనం వదులుతుంది. ఆ చల్లదనాన్ని ఉప్పూ, వేయించిన బాదం వాసనా కప్పేస్తాయి. అందుకని పప్పులను సన్నసెగ మీద, విరిస్తే లోపల లేత గోధుమరంగు కనిపించేదాకా ఓపికగా వేయించండి. పూర్తిగా చల్లారాకే కలపండి.

కోకో బటర్‌లో పావు వంతు తురిమి పక్కన పెట్టుకోండి. మిగతాది వేడినీళ్ల గిన్నె మీద మరో గిన్నె ఉంచి కరిగించండి. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు, ఆవిరి చుక్క లోపల పడకూడదు. దించి పొడులూ బాదం ముద్దా కలపండి. 34 డిగ్రీలకు చల్లారాక తురుము వేసి, అది కలిసిపోయేదాకా నిదానంగా తిప్పండి. థర్మామీటరు లేకపోతే ఒక చుక్క కింది పెదవికి తాకించి చూడండి. వెచ్చగా కాక కాస్త చల్లగా తగిలితే 31, 32 దగ్గర ఉన్నట్టు. అప్పుడు పప్పులు కలిపి అచ్చుల్లో పోయండి. ఆ తురుము పెరుగుకు తోడులాంటిది. సరైన స్ఫటికాలు దాని చుట్టూ కట్టుకుంటాయి. బిళ్ల మెరుస్తుంది, విరిస్తే టక్కుమంటుంది.

ముప్పై బిళ్లలు వస్తాయి. ఒక్కోదానిలో పీచు, ఎరిథ్రిటాల్ పోగా పిండిపదార్థం 1 గ్రాము లోపే ఉంటుంది కానీ కెలోరీలు 60 దాటతాయి. కొవ్వు కొవ్వే కదమ్మా. మామగారికి భోజనం తర్వాత ఒకటి, మహా అయితే రెండు ఇవ్వండి. బాదం బదులు జీడిపప్పు వేయవద్దు. పీచు తీసేస్తే బాదంలో పిండిపదార్థం 100 గ్రాములకు 10 గ్రాముల లోపే, జీడిపప్పులో 25 దాటుతుంది. బేగంబజార్‌లో అక్రోట్ కొనేటప్పుడు ఒక పలుకు నమిలి చూడండి. పాత నూనె వాసన తగిలితే పక్క దుకాణానికి వెళ్లండి. కోకో బటర్ మీద తినడానికి పనికొచ్చేదన్న గుర్తు ఉండాలి. ఒంటికి రాసుకునే రకం కూడా అదే పేరుతో అమ్ముతారు.

మరొకటి చెప్పాలి. రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో ఒక అధ్యయనం వచ్చింది. దానికి కారణం ఎరిథ్రిటాలే అని అది తేల్చలేదు. అయినా మామగారికి గుండె జబ్బు ఉంటే డాక్టరుగారిని అడిగాకే పెట్టండి. దాని బదులు జైలిటాల్ అనే మరో తీపి పొడి తెచ్చేవారికి ఒక హెచ్చరిక: అది కుక్కలకు విషం, కుక్క ఉన్న ఇంట్లోకి తేవద్దు.

ప్రశ్న: ఈ పొడులన్నీ ఎందుకండీ? సహజమైన బెల్లమో ఖర్జూరమో వేస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: సరిపోదు బాబూ. 100 గ్రాముల బెల్లంలో 80 గ్రాములకు పైగా చక్కెరే. ఎండు ఖర్జూరంలో మూడింట రెండు వంతులు. సహజమైనదే, కాదనను, కానీ రక్తంలోకి చేరాక అది చక్కెరే. పైగా రెండింటిలోనూ తడి ఉంటుంది, కొవ్వుతో కలవవు. ఖర్చు తగ్గాలంటే బాదం బదులు వేరుశనగ గుళ్లు వేయండి. పొట్టు తీసి కమ్మగా వేయిస్తే కోకోతో వాటి జత బాదానికేమీ తీసిపోదు.

ప్రశ్న: మే నెలలో చేసిన బిళ్లలు గట్టు మీదే మెత్తబడ్డాయి. ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులకు తెల్లటి పొర పట్టింది. బూజేమోనని పారేశాను.
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అయ్యో, అది బూజు అయ్యుండదమ్మా. బూజుకు నూగు ఉంటుంది, ముక్కిన వాసన వేస్తుంది. వేలితో రుద్దితే కరిగి మాయమయ్యేది కొవ్వు పొర. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే నోట్లో పెట్టగానే అంత హాయిగా జారిపోతుంది. మే నెల మధ్యాహ్నం మన హైదరాబాదులో వంటింటి గట్టు అంతకంటే వేడిగా ఉంటుంది. ఒకసారి మెత్తబడి మళ్లీ గట్టిపడిన కొవ్వు అడ్డదిడ్డంగా పేరుకుని పైకి తెల్లగా తేలుతుంది. తినవచ్చు. మెరుపు కావాలంటే మళ్లీ కరిగించి తురుముతో తోడు పెట్టండి. కొబ్బరినూనె మాత్రం కలపవద్దు, అది 24 డిగ్రీలకే కరుగుతుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీశాక డబ్బా చల్లదనం పోయేదాకా ఆగి మూత తెరిస్తే బిళ్లల మీద చెమ్మ పట్టదు.

ప్రశ్న: మా నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారు. ఉదయం నడకలో ఒక్కోసారి షుగర్ పడిపోయి వణుకుతారు. ఈ బిళ్లలు రెండు జేబులో పెట్టి పంపవచ్చా?
– ఒక కూతురు, సికింద్రాబాద్

జవాబు: వద్దు తల్లీ, దయచేసి వద్దు. ఈ ఉత్తరం చదవగానే నాకు మా ఇంట్లో జరిగింది గుర్తొచ్చింది. మావారికి 18 ఏళ్లుగా మధుమేహం. కిందటేడు ఒక మధ్యాహ్నం ఆయన నుదుటి మీద చెమటలు పట్టాయి, పట్టుకున్న గ్లాసు గోడకు తగిలి చప్పుడు చేసేంతగా చెయ్యి వణికింది. మీటరులో 62. నేను ఇంట్లో లేను. మా కోడలు తీపి కదా అని నా డబ్బాలోంచి రెండు బిళ్లలు పెట్టింది. పావుగంట తర్వాత చూస్తే 58. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది. మరో పావుగంటకు 94.

ఆ బిళ్లలో రక్తానికి అందే చక్కెర లేనట్టే. ఉన్న కొవ్వు, తర్వాత ఇచ్చే చక్కెరను కూడా నెమ్మదిస్తుంది. షుగర్ పడినప్పుడు వెంటనే 15 గ్రాముల గ్లూకోజో చక్కెరో కావాలి. 15 నిమిషాలకు మళ్లీ చూసి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నడకలో తరచూ పడిపోతోందంటే ఇన్సులిన్ మోతాదు, వేళ గురించి డాక్టరుగారితో ఈ వారంలోనే మాట్లాడండి.

మా ఇంట్లో ఆ డబ్బా మూత మీద కోడలు ఎర్ర అక్షరాలతో కాగితం అంటించింది: "వణుకు వస్తే ఇది కాదు, పక్కనున్న చక్కెర సీసా." మీ నాన్నగారి జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టండి. కోకో బిళ్ల ఆయన ఇంటికి వచ్చి, టిఫిన్ తిన్నాక ఇవ్వండి.