హీటర్ కేబుల్ తెగితే ఏసీ చల్లబడదా?

ప్రశ్న: నాది 1998 మోడల్ పెట్రోల్ కారు. గ్యాస్ నిండుగానే ఉందట, అయినా ఏసీ గాలి గోరువెచ్చగా వస్తోంది. హీటర్ వాల్వు కేబుల్ తెగిందన్నారు. ఆ పార్టు వరంగల్‌లో దొరకలేదు. సైకిల్ బ్రేక్ వైరు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: హీటర్ వాల్వు అంటే ఇంజన్ వేడినీళ్లను కారు లోపలి హీటర్‌కు వదిలే నల్లా లాంటిది. కేబుల్ తెగి అది తెరిచే ఉండిపోతే ఆ వేడికి ఏసీ గాలి గోరువెచ్చగైతది. బ్రేక్ వైరు వేయొచ్చన్నా, కానీ ఉత్త వైరు వేస్తే సగం పనే అయితది. అసలు కేబుల్‌లో ఉండేది ఒంటి తీగ. గుంజినా కదులుతది, నూకినా కదులుతది. బ్రేక్ వైరు పేనిన తీగ. గుంజుడే తప్ప నూకుడు రాదు. అందుకే వాల్వు లివర్‌కు ఒక స్ప్రింగు తగిలించుర్రి, అది మూసే దిక్కుకు గుంజాలె. రేపు వైరు తెగినా వాల్వు మూసుకుంటది, ఇంజన్ వేడినీళ్లు లోపలికి రావు. ఔటర్‌ను, అంటే వైరు మీది తొడుగును, రెండు కొసలా క్లిప్పుతోని బిగించుర్రి, లేకుంటే వైరుకు బదులు ఔటరే జరుగుతది. తొందరైతే వాల్వు మూసి కట్టేయుర్రి. మన ఎండలకు హీటర్ ఎవరికి కావాలె?

ఏసీ పైపులకు మాత్రం ఈ తెలివి వద్దు. పైపు జాయింటు కాడ లీకు కాకుండ ఆపే రబ్బరు చుట్ట, ఓ-రింగు, పోతే నల్లా వాషరు పెట్టేటోళ్లున్నరు. ఏసీల ఉండే ఆర్-134ఎ గ్యాసుకు, దాని ఆయిలుకు ఆగే హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు రింగులు వేరే, ఎక్కువగా ఆకుపచ్చగ ఉంటయి. అవే అడుగుర్రి.